పెరటిలోని విషపు మొక్కలను గుర్తించు విధము

రైతులకు సూచన

వరిచేనిలో ఊదయు తుంగయు మొలచినచో రైతు చూచినంతనే పీకివేయును. కాని యింటి పెరటిలోను, బావిగట్టునను, పశువుల కొట్టము ప్రక్కను దానంతట మొలచిన మొక్కను గూర్చి అంతటి విచారణ చేయడు. అచ్చట ఆడుకొనువారు పిల్లలు. అచ్చట మేయునవి లేగదూడలు. కావున పొలములోని కలుపుకంటె పెరటిలోని తెలియని మొక్కను ముందుగా పరీక్షింపవలెను.

పేరును నమ్మరాదు

గన్నేరు అను పేరు నాలుగు మొక్కలకు కలదు. ఎఱ్ఱగన్నేరు ఆకులు పొడవుగను కోలగను ఉండి, కణుపునకు మూడేసి చొప్పున మొలచును. పచ్చగన్నేరు ఆకులు ఇంకను సన్నము. కణుపున కొక్కటియే యుండును. పువ్వు పసుపుపచ్చని గంటవలె నుండును. పలకలు గల కాయ పండి నల్లబడును. లోపల గట్టి టెంక యుండును. ఈ రెండు మొక్కల విషమును గుండెను చెఱచును. బిళ్ళగన్నేరు మోకాలెత్తు మొక్క. ఆకులు రెండేసి యెదురెదురుగా నుండును. దీనినుండి క్యాన్సరు మందులు తీయుదురు గాని, యింట కషాయము కాచి త్రాగుట తగదు. దేవగన్నేరు లావుపాటి కొమ్మల చెట్టు. పెద్ద ఆకులు కొమ్మల చివర గుత్తులుగా నుండును. దీని పాలు తగిలినచో చర్మము మండును. కావున "ఇది గన్నేరు" అనుకొని విడువక, కణుపున కెన్ని యాకులున్నవో లెక్కింపవలెను.

ఎండిన గన్నేరాకులోను విషము పోదు. పచ్చి యాకును ముట్టని పశువు మేతలో కలసిన యెండుటాకును తినును. అందుచే నఱికిన కొమ్మలను గడ్డివామి దగ్గఱ వేయరాదు, వంటచెఱకుగాను వాడరాదు.

తినుదినుసులను పోలిన విషములు

1. ఉమ్మెత్త గింజలు మిరపగింజలను పోలియుండును. మిరపగింజ పలుచన, పసుపుఛాయ గలది. ఉమ్మెత్త గింజ దళసరి, గోధుమవర్ణము, పైన చిన్న గుంటలు గలది. ఇది తిన్నవానికి నోరెండును, కంటిపాపలు విచ్చుకొనును, మతి చలించి ప్రేలాపన కలుగును. ఉడికించినను దీని విషము పోదు.

2. అడవి ఆముదమును కంచెగా నాటుదురు. ఆముదపు ఆకు వ్రేళ్లు చాచిన చేయివలె లోతుగా చీలియుండును, కాయపై ముండ్లుండును. అడవి ఆముదపు ఆకు కొలదిగా మాత్రమే చీలును, కాయ నునుపు, గింజ నల్లన. గింజ రుచిగా నుండుటచే పిల్లలు తిని వాంతులు, విరేచనములపాలగుదురు. ఆముదపు గింజయు విషమే. నూనెలోనికి ఆ విషము దిగక పిండిలో మిగులును. కావున ఆముదపు పిండిని ఎరువుగా వేయవచ్చును గాని పశువులకు పెట్టరాదు.

3. అడవినాభి (అగ్నిశిఖ) తీగ వానకాలమున పెరిగి, పసుపును ఎఱుపును గల ఆరు రేకుల పువ్వులు పూయును. ఆకు కొన తీగవలె చుట్టుకొనును. ఇది తప్పని గుఱుతు. తీగ యెండిన పిదప దుంప మాత్రము నేలలో మిగులును. త్రవ్వునపుడు దీనిని మొరంగడ్డ యని భ్రమపడి తిన్నవారు చనిపోయిరి. తెలియని దుంపను వండరాదు.

4. గురివింద గింజను నమిలినను, నూరి లోనికి పుచ్చుకొన్నను ప్రాణాపాయము. వెనుకటి కాలమున చర్మములకొఱకు దీని పిండితో సూదులు చేసి పశువులను గ్రుచ్చి చంపెడివారు.

తప్పు పరీక్షలు

పక్షి తిన్న పండు మనుష్యునికి హాని చేయదనుట తప్పు. ముష్టిపండ్లను పక్షులును కోతులును తినును. దాని గింజ మనుష్యుని చంపును. చేదుగా లేనిది మంచిదనుట తప్పని అడవి ఆముదమే సాక్ష్యము. పాలు కారునదంతయు విషమనుటయు, పాలు లేనిది విషము కాదనుటయు తప్పే. రుచి చూచి పరీక్షించుట ఎన్నడును కూడదు.

చేయవలసినది

తెలియని మొక్కను ఒక యాకుతో నిర్ణయింపరాదు. ఆకులు కణుపున నుండు తీరు, పువ్వు, కాయ, గింజ, వేరు అన్నియు చూడవలెను. ఇవి గల కొమ్మను, చేతికి గుడ్డ చుట్టుకొని తీసి, కాగితమున చుట్టి వ్యవసాయాధికారికి చూపవలెను.

ఎవరైన తినియున్నచో నోటిలో మిగిలినదానిని తీసి, నీళ్లతో పుక్కిలింపజేయవలెను. ఉప్పునీళ్లు త్రాగించి వాంతి చేయించు పాత యలవాటును మానవలెను. తెలివి తగ్గినవానికి నోట ఏమియు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. తిన్న వేళను, తిన్న కొలతను గుర్తుంచుకొని, మొక్కను సంచిలో వేసుకొని వెంటనే దవాఖానాకు పోవలెను. పశువైనచో పశువైద్యుని పిలువవలెను. ఇప్పటికి బాగుగనే యున్నాడని వేచియుండరాదు. నాభిదుంప విషము కొన్ని గంటల పిదపగాని బయటపడదు.

పిల్లలకు అక్షరములతో పాటు పెరటిలోని ఈ మొక్కల పేర్లును గుఱుతులును నేర్పుట ప్రతి రైతు కర్తవ్యము.