గుండెనిచ్చు మాట

గుణదల కొండపైనున్న మేరీమాత సన్నిధికి మెట్లెక్కువారిలో కొందఱు నడిదారిలో చతికిలబడుదురు. పైనుండి దిగివచ్చు ముసలమ్మ యొకతె వారిని చూచి, “ఇంకెంత నాయనా, సగము ఎక్కితివి గదా!” అని సాగిపోవును. ఆమె వారిని మోయలేదు, మెట్లను తగ్గింపలేదు. అయినను కూర్చున్నవారు లేతురు. ఇంగ్లీషులో ‘ఎన్‌కరేజ్’ అను క్రియ చెప్పు పని ఇదియే.

ఈ పదము ప్రాచీన ఫ్రెంచి నుండి ఇంగ్లీషునకు వచ్చినది. అందలి ‘కరేజ్’ అనగా ధైర్యము. దానికి మూలమైన లాటిన్ ‘కోర్’ అనగా హృదయము. కావున ఎన్‌కరేజ్ చేయుట యనగా ఒకనిలో గుండెను నిలుపుట. మన ‘ప్రోత్సహించు’ వేఱు దారిని వచ్చి అచటికే చేరినది. దాని నడుమనున్న ఉత్సాహమే ఆలంకారికుల మతమున వీరరసమునకు స్థాయిభావము. తెలుగు నుడికారము దీనినే మఱింత చనవుగా ‘వెన్ను తట్టుట’ యనును.

విద్యార్థులు తడబడు తావు వాక్యరచన. “ది టీచర్ ఎన్‌కరేజ్డ్ హర్ టు రీడ్” అనవలెను. ‘చదువుటకు’ అనుటలోని ‘కు’ను చూచి “ఫర్ రీడింగ్” అని వ్రాయరాదు. దీనికి వ్యతిరేకమగు ‘డిస్‌కరేజ్’ మాత్రము “ఫ్రమ్ రీడింగ్” అని కోరును. ఈ కూర్పులో నొక నీతి గలదు: ప్రోత్సహించువారొకరు, చదువువారు వేఱొకరు.

పొగడ్త ముగిసిన పనిని చూచును. ప్రోత్సాహము మిగిలిన పనిని చూచును. ఉసికొల్పువాడు తన పంతమునకై ఇతరుని త్రోయును. ప్రోత్సహించువాడు ఎదుటివాని మేలు కోరును.

కృష్ణా డెల్టాలోనే ఇందులకు నిదర్శనము గలదు. బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా నుండిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారి శిష్యులు విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావు. పింగళి, కాటూరి కవులు కలిసి ‘సౌందరనందము’ రచించిరి. విజయవాడ కళాశాలలో బోధించిన విశ్వనాథ 1970 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమంది, తెలుగున ఆ గౌరవము పొందిన మొదటివారైరి. వీరిలో నెవరును గురువునకు నకలు కారు. గుండెనిచ్చినది గురువు, నడక వారిది.

నేటి తరగతిలోను వెనుక బల్లపై చతికిలబడిన పిల్లవాడొకడుండును. వాని పుస్తకమున తప్పుల క్రింద గీతలు గీయు ఎఱ్ఱసిరాయే, సరియైన ఒక్క వాక్యము ప్రక్కన “ఇట్లే వ్రాయుము” అని వ్రాయుటకును చాలును.