సింగరేణి బొగ్గు కింద మంచు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాళ్లకు సముద్రం దూరం. మంచుగడ్డ అంటే చెరుకురసం బండి మీద కనిపించేదే. కానీ ఈ రెండింటి కథా మన గోదావరి లోయ రాళ్లతో ముడిపడి ఉంది.

మన ప్రాంతమంతా గ్రానైటు నేల. గోదావరి ధర్మపురి దాటి గోదావరిఖని వైపు వెళ్లేసరికి రాయి మారుతుంది. ఇసుకరాయి, దాని మధ్య సింగరేణి బొగ్గు. బొగ్గుకూ కింద ఉండే పొరను తాల్చేరు అంటారు. ఒడిశాలోని ఊరి పేరది. గట్టిపడిన బంకమట్టిలో గుమ్మడికాయంత బండ, నిమ్మకాయంత గులకరాయి, ఇసుక రేణువు అన్నీ కలగలిసి ఉంటాయి. నీళ్లు పారితే చేటలో చెరిగినట్టు బరువును బట్టి రాళ్లు వేరుపడతాయి. చెరగకుండా అన్నింటినీ ఈడ్చుకొచ్చి ఒకేచోట కుమ్మరించడం హిమానీనదం పద్ధతి. 1856లోనే భూవిజ్ఞానులైన బ్లాన్‌ఫర్డ్ సోదరులు ఇది మంచు పనేనన్నారు. ఆదిలాబాద్ అవతల, చంద్రాపూర్ జిల్లా ఇరాయి దగ్గర మంచు గీసిన గీతలతో రాతినేల కూడా 1870ల్లో బయటపడింది.

సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట మన భూభాగం దక్షిణ ధ్రువం వైపు, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, ఆఫ్రికాలను అంటుకుని ఉండేది. ఆ మహాఖండమే గోండ్వానా. గోండుల పేరు మీదుగా వచ్చిన మాట.

మంచు కరిగింది, సముద్ర మట్టం పెరిగింది, ఉప్పునీరు నేల లోపలికి వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లోని మనేంద్రగఢ్‌లో, హస్‌దేవ్ నది ఒడ్డున దీనికి సాక్ష్యముంది. అక్కడి తాల్చేరు రాళ్లలో 1954లో సముద్రజీవుల శిలాజాలు దొరికాయి. వాటిలో యూరిడెస్మా ఒక ఆల్చిప్ప. మందమైన, బరువైన చిప్ప. అలల తాకిడికి దొర్లిపోకుండా గులకరాళ్ల మీద నిలదొక్కుకునేది. ఇదే ఆల్చిప్ప ఆస్ట్రేలియాలో, అర్జెంటీనాలో, ఆఫ్రికా దక్షిణ భాగంలోనూ దొరుకుతుంది. అన్నిచోట్లా చల్లని సముద్రాల్లోనే.

చలి ప్రాణులకు వేడి ఎందుకు పడదు? ఒక కారణం ఊపిరి. సున్నా డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో దాదాపు 14.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది. 30 డిగ్రీల దగ్గర 7.5 మాత్రమే. ఉప్పునీటిలో ఇంకా తక్కువ. పైగా వేడెక్కేకొద్దీ ప్రాణికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. ఎండాకాలం అడుగంటిన చెరువులో తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయే, ఆ యాతనే ఇది.

గోండ్వానా వేడెక్కింది. మంచు పోయిన నేలలో చిత్తడి అడవులు పెరిగి, మన బొగ్గయ్యాయి. యూరిడెస్మా మాత్రం చలితోపాటే కనుమరుగైంది. ఒకరికి మేలైన మార్పే మరొకరికి ఆఖరైంది.

ఇప్పుడు అంటార్కిటికా సముద్రంలో రొయ్యను పోలిన క్రిల్ పిల్లలు చలికాలమంతా తేలే మంచు అడుగున పెరిగే నాచు తిని బతుకుతాయి. పెంగ్విన్లు, తిమింగలాలు ఆ క్రిల్ మీద ఆధారపడ్డాయి. మంచు తగ్గితే ఆ పిల్లలకు మేతా తగ్గుతుంది, గూడూ పోతుంది.

అప్పటి వేడికి లక్షల ఏళ్లు పట్టింది. ఇప్పుడు నూటయాభై ఏళ్లలోనే భూమి సగటున ఒక డిగ్రీకి పైగా వేడెక్కింది. అందులో పెద్ద వాటా మనుషులు తవ్వి కాల్చిన బొగ్గుది. మంచు పోయాక పుట్టిన బొగ్గే, ఇవాళ మిగిలిన మంచును కరిగిస్తోంది.