వేసవియందు విశాఖ తీరము

బాలబాలికలారా! వార్షిక పరీక్షలు ముగిసి సెలవు లీయగనే మీలో ననేకులు విశాఖపట్టణపు సముద్రతీరమునకు పోవలెనని తలిదండ్రులను వేడుదురు. అట్టివారు అచ్చట చూడదగినవియు, ముఖ్యముగా తెలిసికొనదగినవియు నగు సంగతులు కొన్నిటి నిచట వివరించెదను.

వేసవిలో జనులు సముద్రమునే చేరనేల? పగటి యెండకు నేల త్వరగా వేడెక్కును. నీరు మెల్లగా వేడెక్కును. నేలమీది గాలి వేడెక్కి, తేలికయై పైకి లేవగా, ఆ చోటును నింపుటకు సముద్రము మీది చల్లని గాలి యొడ్డునకు వచ్చును. రాత్రి నేలయే ముందుగా చల్లారును గనుక గాలి యొడ్డునుండి సముద్రము మీదికి మరలును. తెరచాపల కాలమున బెస్తవారు తెల్లవారుజామున నేలగాలితో లోనికి పోయి, మధ్యాహ్నపు సముద్రపుగాలితో నిల్లు చేరుచుండిరి. పడమటి వేడిగాలి బలముగా వీచిన దినమున సముద్రపుగాలి యాలస్యమగును. ఆనాడు తీరము కూడ మండిపోవును.

ఉగాదితో వసంతము ప్రవేశించును. వైశాఖ శుద్ధ తదియనాడు పట్టణమునకు సమీపమున నున్న సింహాచలమున చందనోత్సవము జరుగును. సంవత్సర మంతయు చందనపు పూతలో నుండు వరాహ నరసింహమూర్తి నిజరూపమును ఆ యొక్క దినముననే చూడనిత్తురు. కావున ఉత్తరాంధ్రమునుండియు ఒడిషానుండియు వేలకొలది యాత్రికులు వత్తురు. ఇక సాయంకాలమున రామకృష్ణా బీచి జనులతో నిండును. తాటిముంజెలు, ఉడికించిన వేరుసెనగకాయలు, కాల్చిన మొక్కజొన్నపొత్తులు, మరమరాల మిక్చరు అమ్ముదురు. పిల్లలు తడియిసుకతో పిచ్చుకగూళ్లు కట్టుదురు. 1969 మొదలు 2001 వరకు నౌకాదళమున పనిచేసిన కురుసుర అను జలాంతర్గామి 2002నుండి ప్రదర్శనశాలగా అక్కడనే యున్నది. దానిలోనికి దిగి చూచుట విద్యార్థులకు మిక్కిలి లాభకరము.

అయితే ఈ సంతోషకాలమే బెస్తవారికి పని నిలిచిన కాలము. ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు తూర్పుతీరమున మరపడవలతో చేపలవేట నిషిద్ధము. పలుజాతుల చేపలును రొయ్యలును గ్రుడ్లుపెట్టు కాలమిది. తల్లిచేపను పట్టినచో రాబోవు సంవత్సరపు వేటనే పోగొట్టుకొన్నట్లగును. ఈ కాలమున పడవలను ఒడ్డుకు చేర్చి రంగులు వేయుదురు. యంత్రములను విప్పి బాగుచేయుదురు. చినిగిన వలలు అల్లుదురు. ప్రభుత్వమువారు 2025లో ఒక్కొక్క కుటుంబమునకు 20,000 రూపాయల భృతి నిచ్చిరి. అయినను రెండునెలలపాటు వేట లేని యింట ఖర్చునకు కష్టమే. గడువు తీరగానే గంగమ్మను కొలిచి మరల సముద్రము మీదికి పోవుదురు.

సముద్రపు తాబేళ్లును ఇట్లే యీ యొడ్డును నమ్ముకొన్నవి. ఆలివ్ రిడ్లీ అను జాతి తాబేలు శీతకాలపు చివరను, వసంతమునను రాత్రివేళ ఇసుకలో గుంట త్రవ్వి సుమారు నూరు గ్రుడ్లు పెట్టి పోవును. ఏడెనిమిది వారములకు పిల్లలు వెలికివచ్చి, వెలుతురును బట్టి సముద్రమువైపు ప్రాకును. ఒడ్డున దీపములు మెండుగా నున్నచో అవి దారి తప్పి చచ్చును. కావున రాత్రివేళ ఇసుకపై దీపములు వెలిగింపకుడు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. కొన్ని సంవత్సరముల క్రిందట మే నెలలో నేను కొందరు విద్యార్థులను వెంటబెట్టుకొని యీ తీరమునకు పోయితిని. అలలు విరుగుచున్న తావును విడిచి, నీరు నిశ్చలముగా కన్పట్టిన చోట ఒక బాలుడు దిగెను. చూచుచుండగనే నీరు వానిని లోనికి లాగుకొనిపోయెను. నేను దిగబోగా, దగ్గర వల బాగుచేయుచున్న బెస్తవాడొకడు నన్నాపి, తానే యీదుకొనిపోయి వానిని ప్రక్కదారిని ఒడ్డునకు తెచ్చెను. తరువాత నాతో, "మేష్టరుగారూ, అల లేదని అటు దిగినాడు. అల లేని చోటే మాకు భయమండి" అనెను. వేట నిలిచిన దినము లగుటచేతనే అతడా పగటివేళ ఒడ్డున నుండెను. ఈ సంగతి ముందుగా తెలిసికొనక పిల్లలను తీసికొనిపోయినందులకు నేనిప్పటికిని సిగ్గుపడుదును.

అతని మాటకు కారణ మిది. అలలు ఒడ్డునకు తెచ్చిన నీరంతయు మరల వెనుకకు పోవలెను గదా. అది యొక్కొక్కచోట లోతైన సన్నని కాలువవంటి దారిని వేగముగా పోవును. లోతుండుటచే అచ్చట అలలు విరుగవు. అందుచేత ఆ చోటు శాంతముగా కన్పడి మోసగించును. అందు చిక్కినవాడు ఒడ్డుకు ఎదురీదినచో బలము తరిగి మునుగును. బెదరక, నీటిపై తేలుచు, చేయెత్తి కేకవేయవలెను. ఈత వచ్చినవాడు ఒడ్డువెంబడి ప్రక్కకు ఈది, కాలువను దాటిన పిమ్మట ఒడ్డు చేరవలెను. ఈత రానివారు తోడుగా నీటిలోనికి దుమకరాదు. తాడునో, తేలు వస్తువునో విసరవలెను.

తలిదండ్రులారా! మీ పిల్లలను తీరమునకు తప్పక తీసికొనిపొండు. కాని నీట దిగుటకు ముందు అచ్చటి బెస్తవారి నడుగుడు. హెచ్చరికబల్లను చదువుడు. మోకాలిలోతు మించనీయకుడు. బాలబాలికలారా! మనము అక్కడ కొన్ని దినముల యతిథులము. సంవత్సరమంతయు ఆ సముద్రముతో బ్రతుకువారు వేరు. వారి మాట వినుట అవమానము కాదు. మీరందరు సెలవులు గడపి క్షేమముగా మరల బడికి వచ్చెదరు గాక.