పెన్నుతో తెరిచిన సాకెట్టు

ఇండియా నుంచి తెచ్చుకున్న మా మిక్సీకి రెండు గుండ్రటి పిన్నులు. సింగపూరు గోడకి మూడు చదరపు రంధ్రాలు. పై రంధ్రంలోకి ఎర్త్ పిన్ను వెళ్తేగాని కింది రెండింటి మూతలు తెరుచుకోవు. నేను అందులో పెన్ను గుచ్చి ప్లగ్గు దూర్చేవాణ్ణి. మీలోనూ కొందరు ఆ పని చేసే ఉంటారు!

ఒకరోజు చట్నీ రుబ్బుతుంటే కాలిన వాసన. చూస్తే సాకెట్టు మాడింది. పిన్ను వదులుగా ఉన్నచోట వేడి పుడుతుంది. కరెంటు పరిమితి దాటలేదు గనక ఎంసీబీ పడదు. ఎక్కడికీ లీకవలేదు గనక ఆర్‌సీసీబీ కూడా పడదు. మనకి ముక్కే దిక్కు.

స్క్రూడ్రైవరు అందుకోబోతే మా ఆవిడ లాక్కుంది. ఇక్కడ అది లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చెయ్యాల్సిన పని. వచ్చినాయన ముందు పక్కగది సాకెట్లో టెస్టరు పెట్టి చూశాడు. వంటింటి ఎంసీబీ దించి, మాడినదాంట్లో చూశాడు. మళ్ళీ పక్కగదిలో చూశాడు.

"టెస్టరే చెడిపోయుంటే?" అన్నాడు.

ఇన్నేళ్ళు కోడు రాసినా ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

మాడిన రాగి కొసలు కత్తిరించి కొత్త సాకెట్టు బిగించాడు. మేము ఆ సాయంత్రమే మిక్సీకి సరిపడే, సేఫ్టీ మార్కున్న ఎడాప్టరు కొన్నాం. మీరూ కొనండి.