కనిగిరి నీళ్ళు, నడివయసు కీళ్ళు

కనిగిరి ప్రాంతమున నలుబదియైదేండ్లు దాటిన స్త్రీ తెల్లవారి మంచము దిగుటకు మునుపు కొంతసేపు మోకాళ్ళు ఒత్తుకొనుట ఎవరికిని వింత కాదు. కారణ మడిగినచో ఇంటివారు వెంటనే తేల్చివేయుదురు. కొందరు వాత మందురు; కొందరు నీళ్ళ దోష మందురు. మూడవ కారణ మొకటి కలదు. దానిని నలుగురిలో నోరు విప్పి చెప్పువారు లేరు. అది ముట్లుడుగుట.

మన కవులు కన్నెప్రాయమును వర్ణించుటలో అలసట యెరుగరు. వేవిళ్ళకును, పురిటికిని స్త్రీల పాటలలో చోటున్నది. నడివయసున దేహమునకు వచ్చు ఈ మార్పు మాత్రము సాహిత్యమున కానవచ్చుట బహు అరుదు. ఈ విషయమున వైద్యులే నయము. ఆర్తవము పన్నెండవ యేట మొదలై ఏబదవ యేట ఉడుగునని సుశ్రుతుడు చెప్పెను. నేటి లెక్కలు దానికి దూరము కావు. భారతస్త్రీలకు సగటున 46, 47 ఏండ్లకును, పాశ్చాత్యదేశములందు 51 ఏండ్లకును ముట్లుడుగుచున్నవి.

అండాశయములనుండి వెలువడు ఈస్ట్రోజన్ అను రసము సంతానమునకు మాత్రమే సంబంధించినదని చాలమంది తలంపు. అది పొరపాటు. ఎముక బలమునకును, కండపుష్టికిని, కీలులోని మృదులాస్థికిని అది అండ. అది తగ్గిననాడు ఎముక కట్టుకొనుటకంటె కరగుట వేగమగును. వేళ్ళు, భుజములు, మోకాళ్ళు బిగియును. ఈ బాధలన్నింటిని ఒక్క త్రాట గట్టి 2024లో కొందరు వైద్యులు దీనికి ప్రత్యేకముగా నొక పేరు పెట్టిరి. పేరు పెట్టుట చిన్న పని కాదు. పేరులేని నొప్పిని ఇంటిల్లిపాదియు సోమరితన మనుకొందురు.

అయితే కనిగిరిలో చిక్కు రెండింతలు. 1937లో షార్ట్ మొదలగు వైద్యులు మద్రాసు రాజధానిలోని ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి వ్యాసము ప్రకటించిరి. వారు పరిశీలించినది నెల్లూరు జిల్లా జనులను. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు ఆనాడు ఆ జిల్లాలోనివే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు అందు చేరినవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు వచ్చినది. జిల్లాల పేర్లు మారినవి గాని భూగర్భములోని రాయి మారలేదు. ఆ రాతిలోని ఫ్లోరైడు బావినీటిలో కరగుచున్నది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ హద్దు. హద్దు దాటిన నీరు ఏండ్లతరబడి త్రాగినచో స్నాయువులు సున్నము పట్టి బిగిసి, వెన్ను కట్టెవలె నగును.

పంతుళ్ళు తరగతిలో పిల్లల పండ్లపై గోధుమరంగు చారలు చూచియే యుందురు. పండ్లు ఏర్పడు పసితనమున ఆ నీరు త్రాగినవారికే ఆ చారలు వచ్చును. అందువలన పొరుగు సీమనుండి కోడలిగా వచ్చిన యామె పండ్లు తెల్లగనే యుండును. ఎముకలు మాత్రము ఆ నీటికి లోబడును. పండ్లు చూచి ‘ఈమెకు నీళ్ళ జబ్బు లేదు’ అని నిశ్చయించుట తగదు. అట్లే నొప్పి అంతయు నీటిపై నెట్టి, వయసు తెచ్చిన మార్పును మరచుటయు తగదు. వ్రేళ్ళు వాచి, ఉదయపు బిగింపు గంటసేపు విడువనిచో అది వేరొక కీళ్ళవాతము కావచ్చును. దానికి చికిత్స వేరు. ఆలస్యమైనచో కీలు వంకర పోవును.

వావిలాకు కాచిన నీటి స్నానము, ఆముదపు మర్దనము హాయి నిచ్చును, కాదనరాదు. అపాయమంతయు మందుల కొట్టులో అడిగి తెచ్చుకొను నొప్పి బిళ్ళలో నున్నది. కలుపు తీయబోవు కూలిమనిషికి ఆ బిళ్ళ లేనిదే ఆ దినము గడవదు. దానిని నెలలతరబడి మ్రింగినచో కడుపు పుండుపడును, మూత్రపిండములు చెడును. దేహములోని ఫ్లోరైడును వెడలగొట్టునవి ఆ మూత్రపిండములే!

ఫ్లోరైడు నీరు మరిగించినంత మాత్రమున శుద్ధి కాదు. నీరు ఆవిరియై ఫ్లోరైడు మరింత చిక్కబడును. త్రాగుటకేకాక అన్నము, పప్పు వండుటకును మంచినీరే కావలెను. క్యాను నీరు త్రాగి, బోరు నీటితో వండుకొను ఇండ్లవారు ఇది గమనింపవలెను. కృష్ణానీటిని ఈ మెట్టసీమకు మళ్ళించు వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగినది. ఆనాటి పడుచులకు నేడు ముట్లుడుగు వయసు వచ్చినది.

ఆహారమున రాగి సంకటికి సాటి యరుదు. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నము గలదు. ముట్లుడిగిన స్త్రీకి దినమునకు కావలసినది 1,200 మిల్లీగ్రాములు. పాలు, పెరుగు, నువ్వులు తోడు కావలెను. కుర్చీపై కూర్చుండి ఒక్కొక్క కాలు చాచి, పది లెక్కించువరకు నిలిపి దింపుట మోకాటిని మోయు తొడకండకు బలము. హార్మోను చికిత్స కొందరికి మేలు చేయును, కొందరికి పనికిరాదు. అది వైద్యుడు నిర్ణయింపవలసినది.

ఫ్లోరోసిస్ అనుమానమును ఇంటనే పరీక్షింప వచ్చును. మోకాళ్ళు వంచక కాలివ్రేళ్ళు ముట్టుకొనుట, గడ్డమును రొమ్మునకు తాకించుట, చేతులు తల వెనుక జోడించుట. ఈ మూడింటిలో ఏది సాగకున్నను ఎక్స్‌రే తీయింపవలెను. ముంజేతి రెండెముకల నడిమి పొరలో సున్నము పేరుకొనియున్నచో ఆ చిత్రములో తెల్లగా కానవచ్చును.