గుంపులో పెరిగిన గెలాక్సీలు

పరిసరాలు మిమ్మల్ని మార్చినట్లే గెలాక్సీలనూ మారుస్తాయి. ఎలాగంటారా? 1980లో అలన్ డ్రెస్లర్ అనే శాస్త్రజ్ఞుడు 55 గెలాక్సీ గుచ్ఛాలను పరిశీలించాడు. పలచని చోట్ల సర్పిలాకార గెలాక్సీలు ఎక్కువ. కిక్కిరిసిన చోట కోడిగుడ్డు ఆకారపువి ఎక్కువ. వీటిలో కొత్త నక్షత్రాలు దాదాపు పుట్టవు.

నక్షత్రాలు పుట్టేది చల్లని వాయువు నుండి. విశ్వం బాల్యంలో, పదార్థం దట్టంగా ఉన్నచోటికి గురుత్వాకర్షణ మరింత వాయువును లాగింది. అక్కడి గెలాక్సీలు త్వరగా పెరిగి, ఒకదానిలో ఒకటి కలిసి, వాయువును ముందే ఖర్చుచేసుకున్నాయి. సైకిలు తొక్కుతుంటే ఎదురుగాలి మీ జుట్టును వెనక్కి నెడుతుంది కదా! అలాగే గుచ్ఛంలోని వేడివాయువు మిగిలినదాన్ని ఊడ్చేసింది.

మహావిస్ఫోటనం తరువాత 65 కోట్ల సంవత్సరాలకే గుమిగూడిన 7 గెలాక్సీలను జేమ్స్ వెబ్ టెలిస్కోపు 2023లో చూపింది. మన పాలపుంత అంత రద్దీలో లేదు. దానిలో వాయువు ఇంకా ఉంది; నక్షత్రాలు ఇంకా పుడుతున్నాయి!