రేసు కారుకు చెంచా లెక్క

వంటల పేజీ పక్కన ఇంజను గోలేమిటీ అంటారా? కాటారం నుంచి కాళేశ్వరం దారిలో పరుగెత్తిన అంబాసిడర్ కార్లు గుర్తున్నాయా? 2014లో తయారీ ఆగిపోయిన ఆ కారులో ఏళ్ల తరబడి ఉన్నది 1489 సి.సి. ఇంజను. అదే కుటుంబం ఇంజనుతో ఇంగ్లండువాళ్ల ఎం.జి.ఎ. నమూనా కార్లు 1955లో ఫ్రాన్సులో లెమాన్ 24 గంటల పందెంలో 12, 17 స్థానాల్లో నిలిచాయి!

తరవాత దాన్నే 1588, 1622, 1798 సి.సి.లకు పెంచుతూ పోయారు. పిస్టన్ కిందికీ పైకీ ఆడే దూరం అన్నిట్లో 88.9 మిల్లీమీటర్లే, సిలిండరు వెడల్పే పెరిగింది. అందుకే పాత పందెం కార్లు బాగుచేసేవాళ్లు 1622 హెడ్డు తెచ్చి 1489 బ్లాకుకు బిగిస్తుంటారు. వాల్వులు పెద్దవి కదా, గాలి బాగా పీలుస్తుందని ఆశ.

హెడ్డంటే కుక్కరుకు మూతలాంటిదనుకోండి. మూత పట్టిందని సంబరపడితే సరిపోదమ్మా! ఆ హెడ్డులో పెట్రోలు మండే గుంట పెద్దది. సిలిండరుకు 5 సి.సి., అంటే ఒక్క టీస్పూను జాగా పెరిగినా చాలు, 8.3 ఉండాల్సిన కంప్రెషన్ 7.6కు జారిపోతుంది. కారు ఉసూరుమంటుంది. చిన్న గుంట హెడ్డును పెద్ద బ్లాకుకు పెడితేనో, ఒత్తిడి మితిమీరి పిస్టన్లకే ముప్పు.

అందుకే తెలిసిన మెకానిక్కులు హెడ్డు తిరగేసి, వాల్వులు, ప్లగ్గులు బిగించి, పైన చిల్లున్న గాజుపలక మూసి, సిరంజితో కిరోసిన్ పోసి నాలుగు గుంటలూ కొలుస్తారు. ఎక్కువుంటే హెడ్డు అడుగు కాస్త అరగదీయిస్తారు. మీవారో, మరిదో పాత కారు మోజులో పడి డబ్బడిగితే, ఎన్ని సి.సి. వచ్చిందో ముందు కాగితం మీద రాయించుకు రమ్మనండి.